ఆరోసారి తాత్కాలికం

థార్న్‌షా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బులో మేనేజర్‌ని ఎప్పుడు తీసేసినా సోమవారమే తీసేస్తారు. శనివారం మ్యాచ్ ఓడిపోవాలి. ఆదివారం డైరెక్టర్లందరూ ఛైర్మన్ ఇంట్లో కూర్చుని వేయించిన మాంసం, బంగాళాదుంపలు పీకలదాకా తిని గొణుక్కోవాలి. సోమవారం పొద్దున పదింటికి మేనేజర్‌ని మేడ మీదికి పిలవాలి. అంతా కలిపి పది నిమిషాల పని. పదకొండు కొట్టేలోగా ఆ మనిషి సామానంతా ఒక అట్టపెట్టెలోకి చేరిపోతుంది. ఆ పెట్టెను కారు దాకా మోసుకెళ్ళే మనిషి కీత్ బ్రియర్లీ.

పదహారేళ్ళలో అలా ఆరు పెట్టెలు మోశాడు. మోసిన ప్రతిసారీ, పోయే పెద్దమనిషి కారు డిక్కీ మూసి, కీత్ చెయ్యి పట్టుకుని ఒకే మాట అనేవాడు. "ఈసారి నీకే ఇస్తార్లే, బ్రియర్స్. ఇవ్వకపోతే వాళ్ళకి సిగ్గులేనట్టే."

సిగ్గు లేదనే సంగతి కీత్ భార్య డోరీన్‌కి ఎప్పుడో తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఆ మైదానంలోనే టీ కౌంటర్ నడుపుతోంది. మ్యాచ్ రోజున జనానికి టీలు, మాంసం కూరి కాల్చిన పైలు అందిస్తుంది. విరామంలో మేడ మీద డైరెక్టర్ల గదికి కూడా ట్రే పట్టుకెళ్తుంది. ఏ డైరెక్టర్‌కి ఎన్ని చెంచాల చక్కెర కావాలో ఆమెకి తెలుసు. వాళ్ళలో ఎవరికి ఎంత బుర్ర ఉందో కూడా తెలుసు. ఆ రెండో లెక్కలో చెంచా అవసరమే లేదని అంటుండేది.

కీత్ ఆ క్లబ్బులోకి వచ్చింది 1969 ఆగస్టులో. అప్పటికి పదిహేడేళ్ళు. నాన్న అద్దకం మిల్లులో పనివాడు. కొడుకు బూట్లు పాత వార్తాపత్రికలో చుట్టి చంకలో పెట్టి పంపించాడు. కుర్రాడి పొడుగు చూసి డిఫెన్సు మధ్యలో నిలబెట్టారు. నిలబెట్టినవాడు పదిహేడు సీజన్లు అక్కడే నిలబడ్డాడు. అయిదు వందల పన్నెండు మ్యాచ్‌లు ఆడాడు. పదకొండు గోల్స్ కొట్టాడు, సొంత గోల్లోకి మరో నాలుగు. ముక్కు నాలుగుసార్లు విరిగింది. నాలుగోసారి విరిగినప్పుడు డాక్టరు, "దీన్ని ఎటువైపు తిప్పి పెట్టమంటావు?" అనడిగితే, "గోల్ వైపు వద్దు, మావాళ్ళు కంగారుపడతారు" అన్నాడట.

డిఫెండర్ బతుకు ఎంత అన్యాయమో ఎవరికీ పట్టదు. బంతిని లోపలికి తోసినవాడికి పాటలు కడతారు. లోపలికి పోకుండా తొంభై నిమిషాలు ఒళ్ళు హూనం చేసుకున్నవాడి పేరు మర్నాడు పత్రికలో కనిపించదు. కనిపించిందంటే ఏదో తప్పు చేశాడన్నమాట. ఏమీ జరగకుండా చూడటమే అతని ఉద్యోగం. ఏమీ జరగనప్పుడు ఎవడు మాత్రం గమనిస్తాడు? కీత్ అలా ఎవరూ గమనించని మనిషిగా కుర్రతనం నుంచి నడివయసు దాకా వచ్చాడు. మోకాళ్ళు ఇక కుదరదన్నాక, 1986లో, బూట్లు విప్పి ఈల మెడలో వేసుకున్నాడు. అప్పటి నుంచి కోచ్.

కోచ్‌గా అతని పద్ధతి ఊళ్ళో అందరికీ తెలుసు. నలుగురు డిఫెండర్లనీ వరసగా నిలబెట్టి నడుములకు తాడు కట్టేవాడు. ఒకడు ముందుకు కదిలితే మిగతా ముగ్గురూ కదలాల్సిందే. ఒకడు నిద్రపోతే ముగ్గురూ బోర్లా పడాల్సిందే. వారం రోజులు పడి లేచాక, తాడు విప్పేసినా కట్టినట్టే కదిలేవారు. ఆ తాడు డోరీన్ బట్టలారేసుకునే తాడు. మొదటిసారి పెరట్లో తడి దుప్పటి పట్టుకుని నిలబడి, తాడు కోసం చుట్టూ చూసింది. సాయంత్రం కీత్ ఇంటికి రాగానే నిలదీసింది.

"నా తాడేదీ?"

"నలుగురు కుర్రాళ్ళకి కట్టాను."

"బానే ఉంది. మరి నా దుప్పటి ఎవరికి కట్టమంటావ్?"

అప్పటి నుంచి ఏడాదికి రెండు తాళ్ళు కొనేది, ఒకటి పెరటికి, ఒకటి క్లబ్బుకి. థార్న్‌షా అన్నిటికన్నా కిందిదైన నాలుగో డివిజన్‌లోనే ఉండొచ్చు గాక, ఆ నలుగురినీ దాటి గోల్ కొట్టాలంటే మాత్రం పై డివిజన్ల జట్లు కూడా మూడు చెరువుల నీళ్ళు తాగేవి. ఆ మాట డోరీన్ అనలేదు, వచ్చిన జట్ల మేనేజర్లే ఆమె కౌంటర్ దగ్గర టీ తాగుతూ అనేవారు.

మేనేజర్‌ని తీసేసిన సోమవారం సాయంత్రం ఛైర్మన్ జెఫ్రీ లంబ్ కిందికి దిగేవాడు. ఆయనకి మూడు ఊళ్ళలో కార్పెట్ల దుకాణాలున్నాయి. కీత్ భుజం తట్టి, "కొత్తాయన దొరికేదాకా కాస్త చూసుకో కీత్" అనేవాడు. కీత్ "సరే ఛైర్మన్ గారూ" అనేవాడు. అంతే. తాత్కాలిక మేనేజర్. మొదటిసారి మూడు మ్యాచ్‌లు చూసుకున్నాడు. రెండోసారి ఏడు. ఎన్నడూ మేనేజర్ గదిలో కూర్చోలేదు. ఆటగాళ్ళతో మాట్లాడాలంటే, క్లబ్బు బట్టలు, బూట్లు చూసుకునే ముసలి వాల్ట్ గదిలో, ఆరేసిన సాక్సుల మధ్య స్టూలు వేసుకుని మాట్లాడేవాడు. "ఆ గది నాది కాదుగా" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా డోరీన్‌కి ఒళ్ళు మండేది. నీది కాకపోతే ఎవరిదయ్యా, నిన్నగాక మొన్న వచ్చి, నిన్న పోయినవాడిదా?

మూడోసారి, 1994లో, అసలైన ఘోరం జరిగింది. జట్టు అట్టడుగున ఉంది. కిందికి జారితే లీగ్‌లోంచే పోతుంది, క్లబ్బు మూతపడినా పడొచ్చు. కీత్‌కి పదకొండు మ్యాచ్‌లు మిగిలాయి. ఆఖరి రోజున పరాయి ఊళ్ళో ఓడకుండా ఉంటే చాలు. ఆ తొంభై నిమిషాలూ థార్న్‌షా ఒక్కసారి కూడా బంతిని అవతలి గోల్ వైపు కొట్టలేదు. కొట్టే ఉద్దేశం కూడా లేదు. నలుగురూ ముందుకీ వెనక్కీ ఒకే మనిషిలా కదిలారు. సున్నా, సున్నా. ఊరు బతికిపోయింది. జనం కీత్‌ని భుజాల మీద ఎత్తుకుని స్టేషన్ నుంచి పబ్ దాకా మోశారు. అతని బరువుకి ఒకడి నడుం పట్టేసి పదిరోజులు లేవలేదు.

మర్నాడు ఆదివారం. కీత్ పొద్దున్నే గడ్డం గీసుకుని, టై కట్టుకుని, హాల్లో ఫోన్ పక్కన కూర్చున్నాడు. డోరీన్ అడగలేదు, అతను చెప్పలేదు. ఎవరి కోసం కూర్చున్నాడో ఇద్దరికీ తెలుసు. మధ్యాహ్నం భోజనం అక్కడే ఒళ్ళో పెట్టుకుని తిన్నాడు. ఫోన్ ఒక్కసారే మోగింది, డోరీన్ వాళ్ళ అక్క. "పెట్టెయ్, లైన్ ఖాళీగా ఉండాలి" అంది డోరీన్. సోమవారం కూడా ఎవరూ చెయ్యలేదు. మంగళవారం పత్రికలో చూశారు, కొత్త మేనేజర్ పేరు. పక్కనే ఫొటో కూడా, లంబ్‌తో చెయ్యి కలుపుతూ. బుధవారం కీత్ వెళ్ళి ఆ కొత్తాయనకి లైట్ల స్విచ్చులు ఎక్కడున్నాయో చూపించాడు.

అంత జరిగినా నోరు విప్పి అడగలేదే! అదే డోరీన్ కడుపుమంట. ఆ ఊళ్ళో మనుషులకి అదో జబ్బు. ఎవరింటికైనా వెళ్తే, నాలుక పిడచకట్టుకుపోతున్నా, టీ కావాలా అంటే వద్దంటారు. రెండోసారి అడిగితే పర్వాలేదంటారు. మూడోసారి అడిగితే, మీరు తాగుతానంటే నేనూ తాగుతానంటారు. కావాలని నోటితో అనడం అంటే దొంగతనం చేసినంత సిగ్గు. తనకి దక్కాల్సింది తన ముందుకి రావాలి, తను చెయ్యి చాచకూడదు. కీత్ నరనరానా ఆ ఊరివాడే. అడగడమేంటి, ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళ కళ్ళెదురుగా ఉన్నాను, వాళ్ళకి కనపడటం లేదా అంటాడు. లంబ్ కూడా ఆ ఊరివాడే. ఆ జబ్బు సంగతి ఆయనకి బాగా తెలుసు. తెలిసే వాడుకున్నాడు.

అయిదోసారి కూడా కరివేపాకులా ఏరి పక్కన పెట్టాక, ఆ క్రిస్మస్ విందులో డోరీన్ ఉండబట్టలేక లంబ్‌నే నిలదీసింది. ఆయన చేతిలో షెర్రీ గ్లాసు ఉంది, నెత్తిన పండగ పూట అందరూ పెట్టుకునే కాగితం టోపీ ఉంది.

"ఛైర్మన్ గారూ, ఒక్కటే మాట అడుగుతాను. మా ఆయనకి ఎందుకివ్వలేదు?"

లంబ్ నిజంగానే ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాడు. "అదేంటమ్మా డోరీన్? కీత్ ఎన్నడూ దరఖాస్తే పెట్టలేదుగా! ఒక్కసారి కూడా పెట్టలేదు. అతనికి ఇష్టం లేదేమో అనుకున్నాం."

గ్లాసు లాక్కుని ఆ కాగితం టోపీ మీద పోద్దామనిపించింది డోరీన్‌కి. ఇంటికొచ్చి కీత్‌కి చెప్పింది. అతను తింటున్న పుడ్డింగ్ పక్కన పెట్టాడు.

"నేను అక్కడే ఉన్నాగా, డోరీన్," అన్నాడు. "రోజూ వాళ్ళ ఎదురుగానే ఉన్నాగా."

ఆ గొంతు విని డోరీన్ మనసులో గట్టిగా అనుకుంది, ఈసారి కుర్చీ ఖాళీ అయిన రోజున ఈ మనిషి చేత కాగితం రాయించకపోతే నా పేరు డోరీన్ కాదని.

2004 ఫిబ్రవరిలో ఖాళీ అయింది. కీత్ ఆరో పెట్టె మోశాడు. లంబ్ ఆరోసారి భుజం తట్టాడు. ఈసారి జట్టు మళ్ళీ అట్టడుగునే ఉంది, తొమ్మిది మ్యాచ్‌ల్లో కీత్ ఒక్కటే ఓడాడు. మార్చి చివరికి జట్టు మధ్య వరసలోకొచ్చి ఊపిరి పీల్చుకుంది. అప్పుడు క్లబ్బు పత్రికలో ప్రకటన వేసింది: మేనేజర్ కావలెను. డోరీన్ ఆ ముక్క కత్తిరించి, తెల్లకాగితం, పెన్ను తెచ్చి టీ బల్ల మీద కీత్ ముందు పెట్టింది.

"రాయి."

"ఏమని రాయను? వాళ్ళకి తెలియనిదేముంది?"

"తెలియదనుకునే రాయి. వాళ్ళు గుడ్డివాళ్ళనుకుని రాయి. రాయకపోతే రేపట్నుంచి నీ వంట నువ్వే చేసుకో, నా తాళ్ళు నాకిచ్చెయ్."

మూడు సాయంత్రాలు పట్టింది. మొదటిరోజు రెండు పేజీలు రాసి చింపేశాడు, గొప్పలు చెప్పుకున్నట్టుందని. రెండోరోజు అడుక్కున్నట్టుందని చింపేశాడు. చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి. నా పేరు ఇది, ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉన్నాను, ఈ పని నాకు వచ్చు, నాకు ఈ ఉద్యోగం కావాలి. ఆ నాలుగో వాక్యం దగ్గర అరగంట కూర్చున్నాడు. యాభై రెండేళ్ళ బతుకులో ఎవరినీ ఏదీ కావాలని అనని మనిషి. రాశాక చెవులు ఎర్రబడ్డాయి. చేతికిస్తే సిగ్గని, స్టాంపు అంటించి, క్లబ్బు గేటు ఎదురుగా ఉన్న పోస్టు డబ్బాలో వేశాడు. మర్నాడు పోస్టుమాన్ ఆ ఉత్తరాన్ని అతని పక్కనుంచే లోపలికి పట్టుకెళ్ళాడు. కీత్ అటు తిరిగి ఆకాశం చూశాడు.

బుధవారం రమ్మన్నారు. డోరీన్‌కి కూడా కబురొచ్చింది, అభ్యర్థులకీ డైరెక్టర్లకీ టీ ఏర్పాట్లు చూడమని. అభ్యర్థులట! ఆ మాటకే ఆమెకి తిక్క రేగింది. కీత్ కూతురి పెళ్ళికి కుట్టించుకున్న సూటు వేసుకున్నాడు. మెడ దగ్గర బిగిసింది. ముప్ఫై అయిదేళ్ళుగా రోజుకి పదిసార్లు ఎక్కి దిగిన మెట్లు, ఆ రోజు ఒక్కొక్కటీ చూసుకుంటూ ఎక్కాడు.

గదిలో అయిదుగురు డైరెక్టర్లు. నలుగురు పాతవాళ్ళు, కీత్ ముక్కు మొదటిసారి విరగడం చూసినవాళ్ళు. అయిదోవాడు అలిస్టర్, కొత్తగా చేరిన కుర్ర లాయరు. అందరినీ ఒకే తీరుగా అడగాలని ప్రశ్నలు అచ్చు వేయించి తెచ్చాడు. డోరీన్ కప్పుల్లో టీ పోస్తూ ఉండగానే మొదలుపెట్టాడు.

"మిస్టర్ బ్రియర్లీ, మీ గురించి క్లుప్తంగా పరిచయం చేసుకోండి."

డోరీన్ చేతిలో టీపాట్ ఆగిపోయింది. నలుగురు పాతవాళ్ళూ తమ తమ కప్పుల్లోకి చూసుకున్నారు. ఒక్కడైనా, నోరుమూసుకో అబ్బాయ్, మాకు తెలుసు ఈయనెవరో అనొచ్చుగా! అనలేదు.

"కీత్ బ్రియర్లీ," అన్నాడు కీత్. "కింద ఉంటాను."

"థ్యాంక్యూ. మా క్లబ్బు గురించి మీకేం తెలుసు?"

వెటకారం కీత్‌కి చేతకాదు, నిజంగానే ఏం తెలుసో చెప్పాడు. "మీరు కూర్చున్న చోట వానొస్తే కారుతుంది సార్. కుర్చీ కొంచెం ఇటు జరుపుకోండి. పడమటి మూల మైదానం మెత్తగా ఉంటుంది, అక్కడ ఎడమకాలి వాడిని ఆడిస్తే జారతాడు. చలికాలంలో మనం నాలుగు మ్యాచ్‌లు వరసగా ఓడతాం, మీరు కంగారుపడి మేనేజర్‌ని మారుస్తారు. మార్చకపోతే చలి తగ్గగానే గెలుస్తాం. ఆరుసార్లు చూశాను."

ఎవరూ ఏమీ రాసుకోలేదు. అలిస్టర్ మాత్రం కుర్చీ జరుపుకున్నాడు. తర్వాత, అయిదేళ్ళలో మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారని అడిగాడు. "ఇక్కడే," అన్నాడు కీత్. ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ఎదుటి గోడ నిండా ఇప్పటిదాకా పనిచేసిన మేనేజర్ల ఫొటోలు, ఫ్రేములు కట్టి. నలభై ఒక్క రోజులు ఉండి పోయినాయన ఫొటో కూడా ఉంది. తాత్కాలికంగా చేసినవాళ్ళవి పెట్టరు. రెండో అభ్యర్థి వచ్చాడు, డీన్ వెయిన్‌రైట్. మొన్నటిదాకా పై డివిజన్‌లో గోల్స్ కొట్టినవాడు, ముప్ఫై మూడేళ్ళు, టీవీలో మాట్లాడతాడు, ఒక్కరోజు కూడా ఎవరికీ ఆట నేర్పలేదు. డోరీన్ అతన్ని తిట్టుకుందామని సిద్ధంగా ఉంది. కానీ అతను సరాసరి కీత్ దగ్గరికొచ్చి రెండు చేతులతో చెయ్యి పట్టుకున్నాడు.

"మీకు గుర్తుందో లేదో మిస్టర్ బ్రియర్లీ, మీ తాడు కుర్రాళ్ళ మీద నేను నాలుగు మ్యాచ్‌లు ఆడాను. ఒక్క గోలూ రాలేదు. నాకు ఈ ఉద్యోగం వస్తే, మీరు పక్కన లేకుండా నేనేం చెయ్యలేను. నాకేం తెలుసని?"

"అలా అనకు బాబూ," అన్నాడు కీత్. "నేర్చుకుంటావు." డీన్ మంచివాడే. అందుకే డోరీన్‌కి ఇంకా మండింది. తనకేమీ తెలియదని ఆ మనిషే చెబుతున్నాడు, అది వినడానికి లోపల చెవులున్నవాళ్ళు లేరు.

నాలుగింటికి కీత్‌ని మళ్ళీ పిలిచారు. డోరీన్ ఖాళీ కప్పులు తియ్యడానికి ట్రే పట్టుకుని వెనకాలే వెళ్ళింది. వెళ్ళమని ఎవరూ అనలేదు, ఆమె ఉన్నట్టే ఎవరూ గమనించలేదు.

లంబ్ మొహం చేటంత చేసుకుని నవ్వాడు. "కూర్చో కీత్. చూడూ, డీన్‌కి ఇద్దామనుకుంటున్నాం. పేరున్నవాడు, జనం వస్తారు. నువ్వు అతని పక్కన ఉంటావు, మామూలుగానే. ఇందులో నిన్ను తక్కువ చేసిందేమీ లేదు."

కీత్ తలూపాడు. "నా ఉత్తరం చదివారా, ఛైర్మన్ గారూ?"

"చదివాం. బాగా రాశావు. మాకూ బాధగానే ఉంది. కానీ ఒక్క మాట చెప్పనా? మనలో మన మాట." లంబ్ ముందుకి వంగాడు. ఆయన గొంతులో నిజంగానే ప్రేమ ఉంది, అదే దారుణం. "మేనేజర్ని చేస్తే ఏదో ఒకరోజు తీసెయ్యాలి కీత్. అది తప్పదు, అందరినీ తీశాం. నిన్ను తీసెయ్యడానికి ఈ బల్ల చుట్టూ ఉన్న ఎవరికీ మనసొప్పదు. నువ్వు మా ఇంటివాడివి. ఆ కుర్చీలో కూర్చోబెట్టి నిన్ను పోగొట్టుకోలేం. మొదటిసారి నుంచీ మా ఆలోచన అదే. గౌరవం అనుకో దీన్ని."

మొదటిసారి నుంచీ! అంటే దరఖాస్తు గొడవంతా ఉత్తదే. టై కట్టుకుని ఫోన్ పక్కన కూర్చున్న ఆదివారం కూడా వీళ్ళు ఇదే అనుకున్నారు. డోరీన్ చేతిలో కప్పులు గలగలమన్నాయి. అయిదుగురూ ఇటు తిరిగారు, ఆమె కళ్ళలోకి చూసి మళ్ళీ అటు తిరిగారు.

కీత్ మెడ దగ్గర బిగిసిన గుండీ ఊడదీసుకున్నాడు.

"ఆరుగురిని తీసేశారు," అన్నాడు మెల్లగా. "వాళ్ళందరికీ ఇచ్చి చూశారు. చేతనైతే ఉంటారు, చేతకాకపోతే పోతారు అనుకున్నారు. నా విషయంలో అదీ చూడలేదు. నన్ను కూడా తీసేసి ఉంటే బావుండేది, ఛైర్మన్ గారూ. పదేళ్ళ కిందటే ఇచ్చి, ఏడాదికే తీసేసి ఉంటే బావుండేది."

"అదేం మాట కీత్. ముందు శనివారం మ్యాచ్ సంగతి చూడు. డీన్ సోమవారం గానీ రాడు. అప్పటిదాకా కాస్త..."

"చూసుకోను."

లంబ్‌కి అర్థం కాలేదు. ముప్ఫై అయిదేళ్ళలో ఆ నోటి నుంచి ఆ మాట రాలేదు. "అంటే? రాజీనామా చేస్తావా?"

"చెయ్యను. నా అంతట నేను పోతున్నానని రాసుకోడానికి వీల్లేదు. ఇప్పుడు నేను తాత్కాలిక మేనేజర్ని. శనివారం జట్టుని మైదానంలోకి దించనంటున్నాను. దించనన్న మేనేజర్ని ఏం చేస్తారో మీకు తెలుసు. చెయ్యండి."

"కీత్, తమాషాలొద్దు..."

"తీసెయ్యండి. అందరినీ తీశారు, పది నిమిషాల పని. నేను ఇక్కడే కూర్చుంటాను."

కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పెనాల్టీ బాక్సులో నిలబడ్డవాడిలా కదలకుండా కూర్చున్నాడు. లంబ్ పక్కవాళ్ళ వైపు చూశాడు. ఒకడు కిటికీ వైపు చూశాడు, ఒకడు గోరు చూసుకున్నాడు. అలిస్టర్ తన ప్రశ్నల కాగితం తిరగేశాడు, దాని వెనక ఏమీ లేదు. ముగ్గురిని పెళ్ళాం పుట్టినరోజు నాడు, ఒకడిని ఆస్పత్రి మంచం మీద ఉండగా తీసేసిన మహానుభావులు వీళ్ళు. ఈ మనిషి మొహం చూస్తూ ఆ ఒక్కమాట అనడానికి ఒక్కడికీ నోరు రాలేదు. గోడ గడియారంలో నాలుగుంపావు అయింది. నాలుగుంపావు దాటి అయిదు నిమిషాలయింది. కీత్ కదల్లేదు.

లంబ్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. "సరే," అన్నాడు. "సరే కీత్. క్లబ్బు నిన్ను... నిన్ను మేనేజర్ పని నుంచి తీసేస్తోంది."

"థ్యాంక్స్, ఛైర్మన్ గారూ."

లేచాడు. అయిదుగురికీ ఒక్కొక్కరికే చెయ్యి అందించాడు. అలిస్టర్‌కి కూడా. లంబ్ చెయ్యి అందుకున్నప్పుడు ఆ కార్పెట్ల ఆసామి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, డోరీన్‌కి రవ్వంత కూడా జాలి కలగలేదు. కీత్ తలుపు తీసుకుని వెళ్ళాక, ఆమె కప్పులున్న ట్రేని బల్ల మధ్యలో, వాళ్ళ కాగితాల మీద పెట్టేసింది.

"ఇవి మీరే కడుక్కోండి," అంది. "శనివారం టీ కూడా మీరే పోసుకోండి. పైలు పొయ్యిలో ఎంతసేపు పెట్టాలో నాకు తెలుసు, మీకు చెప్పను."

మెట్ల దగ్గర కీత్‌ని అందుకుంది. అతను రెయిలింగ్ పట్టుకుని, మోకాళ్ళు నెప్పెడుతుంటే ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. కింద ముసలి వాల్ట్ చేతిలో సాక్సుల గంపతో నిలబడి ఎదురుచూస్తున్నాడు. వాల్ట్ ఒక్కడే కాదు, వెనకాల ఆ నలుగురు డిఫెండర్లు, గోల్‌కీపరు, గడ్డి కోసే మనిషి.

"ఏమైంది బ్రియర్స్?" అన్నాడు వాల్ట్. "ఇచ్చారా?"

"తీసేశారు," అన్నాడు కీత్.

వాల్ట్ నోరు తెరిచి డోరీన్ వైపు చూశాడు. నిజమేనన్నట్టు ఆమె తలూపింది. కీత్ మాత్రం సూటు సర్దుకుని, ఆ నలుగురు కుర్రాళ్ళ వైపు తిరిగి మళ్ళీ చెప్పాడు, ఈసారి గట్టిగా, వరండా అంతా వినపడేలా. "నన్ను మేనేజర్ పని నుంచి తీసేశారర్రా."